చదువుకు వీసా ఉంది.. కొలువుకే లేదు!

విదేశాల్లో లైసెన్సు తెచ్చుకున్నా ఉద్యోగానికి వెయ్యి గంటల దూరం

పీయూసీలోనో, ప్లస్‌టూలోనో లెక్కలు, ఫిజిక్సు తీసుకున్న పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఇంజినీరింగు, డాక్టరీ పక్కన మూడో మాట ఒకటి వినిపిస్తోంది. అది పైలట్ చదువు. హోసూరు, బళ్లారి, రాయచూరు, షోలాపూర్, బరంపురం వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మోజు మరీ కొత్తదేమీ కాదు. 2003లో బెంగళూరు కేంద్రంగా ఎయిర్ డెక్కన్ ఎగరడం మొదలుపెట్టినప్పుడే బీజం పడింది. అప్పటికీ ఇప్పటికీ కన్సల్టెన్సీలు చెప్పే మాటలో మాత్రం పెద్దగా తేడా లేదు. ‘ప్రపంచమంతా పైలట్ల కొరత. అమెరికాలో ఏడాది శిక్షణ, ఆ తర్వాత అక్కడే ఉద్యోగం’. ఇందులో మొదటి వాక్యం సగం నిజం. రెండో వాక్యంలో ముందు సగం నిజం. మిగిలిన సగాల సంగతి పొలం కాగితాలు బ్యాంకులో పెట్టాక గానీ తెలిసి రావడం లేదు.

విమానం నడపడం నేర్చుకునే విదేశీయుడికి ఏ దేశమైనా రెండు వేర్వేరు అనుమతులు పెడుతుంది. ఒకటి నేర్చుకోవడానికి, ఇంకొకటి పని చేసుకోవడానికి. నేర్చుకునేవాడు డాలర్లు తెస్తాడు కాబట్టి అతనికి తలుపు తెరిచే ఉంటుంది. పని చేస్తానంటే మాత్రం అక్కడి కుర్రాడి కొలువుకు పోటీ వచ్చినట్టే. అందుకే ఆ తలుపు దగ్గర కాపలా ఎక్కువ. ఫ్లయింగ్ స్కూలు పంపే బ్రోచరులో మొదటి తలుపు బొమ్మ ఒక్కటే ఉంటుంది.

ఎం-1 మెలిక

అమెరికాలో విమాన శిక్షణకు వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి దొరికేది ఎం-1 వీసా. వృత్తి విద్యలకు ఇచ్చేది ఇదే. కాలేజీ డిగ్రీతో కలిపి శిక్షణ తీసుకునేవాళ్లకైతే ఎఫ్-1 ఇస్తారు. మన ఇళ్లలో ‘స్టూడెంట్ వీసా’ అని రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ, రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

ఎం-1 మీద వెళ్లిన విద్యార్థి చదువుకునే కాలంలో క్యాంపస్ లోపల కూడా పని చేయకూడదు. కోర్సు అయ్యాక ‘ప్రాక్టికల్ ట్రెయినింగ్’ పేరుతో కొంతకాలం పనికి అనుమతి అడగవచ్చు. దానికీ లెక్క ఉంది. నాలుగు నెలలు చదివితే ఒక నెల. ఎంత చదివినా ఆరు నెలలకు మించదు. ఏడాది కోర్సు చేసినవాడికి దక్కేది మూడు నెలలే. అంతటితో అయిపోలేదు. ఎం-1 నుంచి ఎఫ్-1కి అక్కడే ఉండి మారడం కుదరదు. ఎం-1 మీద పొందిన శిక్షణే ఉద్యోగానికి అర్హత అయితే, దాన్ని చూపించి అక్కడి నుంచే హెచ్ తరగతి పని వీసాకు మారడానికీ వీల్లేదు. అంటే నేర్చుకున్న విద్యే అడ్డం వస్తుందన్న మాట. చేరిన ఆరు నెలల తర్వాత స్కూలు మారడం కూడా, విద్యార్థి చేతిలో లేని కారణం ఉంటే తప్ప కుదరదు. స్కూల్లో విమానాలు తక్కువై, వంతు కోసం వారాల తరబడి కూర్చోవాల్సి వస్తున్నా అక్కడే కూర్చోవాలి.

ఇంత బిగింపు వెనక 2001 సెప్టెంబరు 11 ఉంది. విమానాలను హైజాక్ చేసినవాళ్లలో ఇద్దరు ఫ్లోరిడా రాష్ట్రం వెనిస్‌లోని ఒక ఫ్లయింగ్ స్కూల్లో నేర్చుకున్నవారే. దాడి జరిగిన ఆరు నెలలకు, 2002 మార్చిలో, చచ్చిపోయిన ఆ ఇద్దరికీ విద్యార్థి వీసా మంజూరైందంటూ ఇమిగ్రేషన్ శాఖ కాగితాలు అదే స్కూలుకు చేరాయి. దేశమంతా నోరు వెళ్లబెట్టింది. ఆ తర్వాత విదేశీ విద్యార్థి ఎవరైనా విమానం నేర్చుకోవాలంటే రవాణా భద్రతా సంస్థ విడిగా విచారించి అనుమతి ఇవ్వాల్సిందే. 2010 దాకా జె-1 అనే ఇంకో వీసా కొందరు పైలట్ విద్యార్థులకు ఆసరాగా ఉండేది. శిక్షణతో పాటు పని అనుభవం కూడా దక్కేది. ఆ ఏడాదితో దాన్నీ ఆపేశారు. పాత బ్యాచ్‌ల వాళ్లు ‘మేం అక్కడే ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాం’ అని చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు. ఆ దారి మాత్రం ఇప్పుడు లేదు.

1500 గంటల గోడ

వీసా దొరికినా దాటాల్సిన గోడ మరొకటుంది. అమెరికాలో కమర్షియల్ లైసెన్సుకు 250 గంటల ఫ్లయింగ్ చాలు. స్కూలు రకాన్ని బట్టి అంతకన్నా తక్కువకు కూడా ఇస్తారు. కానీ ప్రయాణికుల విమానంలో కో-పైలట్ సీట్లో కూర్చోవాలంటే 1500 గంటలు కావాలి. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయాక అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. 2013 నుంచి నిబంధన అమల్లో ఉంది. ఆమోదం పొందిన కాలేజీలో ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్లకు వెయ్యి గంటలకే సడలింపు ఉంది.

లైసెన్సు వచ్చిన 250 దగ్గర నుంచి ఉద్యోగం వచ్చే 1500 దాకా మధ్యలో ఉన్న 1250 గంటలు ఎక్కడ ఎగరాలి? అమెరికా కుర్రాళ్లు చాలామంది తాము నేర్చుకున్న స్కూల్లోనే ఇన్‌స్ట్రక్టర్లుగా చేరతారు. ఒకటిన్నర, రెండేళ్లు జూనియర్లకు నేర్పిస్తూ గంటలు కూడబెట్టుకుంటారు. జీతం కన్నా వాళ్లకు కావాల్సింది లాగ్‌బుక్కులో అంకె. మనవాడికి ఎం-1 మీద ఉన్నది మూడు నెలలు. నెలకు 70, 80 గంటలు ఎగిరినా 250 పక్కన ఇంకో రెండు వందల చిల్లర చేరుతుంది. అది కూడా ఇన్‌స్ట్రక్టర్ రేటింగుకు విడిగా డబ్బు కట్టి తెచ్చుకుంటేనే.

ఎఫ్-1 వాళ్ల పరిస్థితి కాస్త నయం. డిగ్రీ అయ్యాక 12 నెలలు పని చేసుకోవచ్చు. గట్టిగా ఎగిరితే వెయ్యి దగ్గరికి వస్తారు. తీరా ఎయిర్‌లైన్ గుమ్మం కనిపించేసరికి పని గడువు అయిపోతుంది. అక్కడ హెచ్-1బి కావాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ల పుణ్యమా అని హెచ్-1బి పేరు తెలియని తెలుగిల్లు లేదు. అది ఫలానా సబ్జెక్టులో డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకు ఇచ్చేది. పైలట్ ఉద్యోగానికి లైసెన్సు ముఖ్యం గానీ డిగ్రీ తప్పనిసరి కాదు. అందుకని పైలట్ కొలువులు సాధారణంగా దాని కిందికి రావు. దానికి తోడు 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అనుభవం లేని కో-పైలట్ కోసం ఆ సొమ్ము కట్టే కంపెనీ ఉంటుందని ఆశ పెట్టుకోవడం అనవసరం.

కొరత నిజంగా ఉన్నప్పుడు అమెరికా ఏం చేసిందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 2017, 2018 ప్రాంతంలో చిన్న ఎయిర్‌లైన్లు ఆస్ట్రేలియా పైలట్లను పిలిపించుకున్నాయి. ఆస్ట్రేలియా పౌరులకు ఒక్కళ్లకే ఇచ్చే ఇ-3 వీసా ఉంది కాబట్టి పని సులువైంది. భారతీయులకు అలాంటి వీసా లేదు. కొరత ఉన్నంత మాత్రాన ఎవరినైనా పిలుస్తారనుకోవడం పొరపాటు.

మిగతా దేశాలు..

కెనడా పద్ధతి వేరు. చదువు ముగిశాక ఇచ్చే పని అనుమతి నిబంధనల్లో విమాన శిక్షణ పొందినవాళ్లకు విడిగా చోటు పెట్టారు. కెనడా కమర్షియల్ లైసెన్సు చేతిలో ఉన్నా, ఇన్‌స్ట్రక్టర్ రేటింగుతో పాటు శిక్షణ కేంద్రం నుంచి ఉద్యోగ హామీ ఉన్నా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే రెండేళ్ల లోపు కోర్సుకు కోర్సు ఎంత కాలమో అనుమతీ అంత కాలమే. తొలి ఉద్యోగం టొరంటోలోనో వాంకూవర్‌లోనో ఉంటుందనుకోకూడదు. ఉత్తరాదిన మంచులో చిన్న విమానాలు నడిపే కంపెనీల్లో మొదలవుతుంది. కొన్నిచోట్ల మొదటి నెలలు సామాన్లు ఎక్కించడం, దించడంతోనే సరిపోతుంది. 2024 జనవరి నుంచి కెనడా విద్యార్థి అనుమతుల సంఖ్యకే పరిమితి పెట్టిందని కూడా గుర్తుంచుకోవాలి.

ఆస్ట్రేలియాలో యజమాని పిలిచి ఇచ్చే పని వీసాకు 2024 నవంబరు దాకా రెండేళ్ల అనుభవం అడిగేవారు. ఇప్పుడు ఏడాది చాలన్నారు. సడలింపు మంచిదే. కానీ లైసెన్సు నిన్న చేతికొచ్చిన పిల్లాడికి ఆ ఏడాది ఎక్కణ్నుంచి వస్తుంది? ఉద్యోగం కావాలంటే అనుభవం, అనుభవం కావాలంటే ఉద్యోగం. ఐరోపా ఎయిర్‌లైన్ల ప్రకటనల్లోనైతే ఐరోపా యూనియన్‌లో ఉండి పని చేసే హక్కు ఉన్నవాళ్లే రావాలని ముందే రాసి ఉంటుంది. (పుదుచ్చేరి ప్రాంతంలో ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకొన్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పాస్‌పోర్టు ఉన్న ఇంటి పిల్లలకు ఈ గొడవ లేదు. అదృష్టం అంటే వాళ్లదే.)

గల్ఫ్‌ది తిరకాసు వ్యవహారం. అక్కడ వీసా సమస్యే కాదు. తీసుకునే కంపెనీయే అన్నీ చూసుకుంటుంది. కాకపోతే తీసుకునేది జెట్ విమానాల మీద బోలెడు గంటలు ఎగిరినవాళ్లను. కొత్తవాళ్లకు పెట్టిన క్యాడెట్ పథకాలు చాలావరకు ఆ దేశాల పౌరుల కోసమే. దుబాయ్ వెళ్లిన మన కెప్టెన్లంతా ఇండియాలో పదేళ్లు, పదిహేనేళ్లు నడిపి వెళ్లినవాళ్లు.

కొరత ఎవరిది?

ఇన్ని చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది. విమానాలు పెరుగుతున్నాయి, పైలట్లు చాలడం లేదంటున్నారు, మరి ఉద్యోగాలెందుకు లేవు? చాలనిది కెప్టెన్లు. లైసెన్సు పట్టుకుని క్యూలో నిలబడ్డది కో-పైలట్లు కాబోయేవాళ్లు. ఈ రెంటినీ కలిపి ఒకే అంకెగా చూపించడంలోనే కన్సల్టెన్సీల వ్యాపారమంతా ఉంది.

మన దేశంలోనే చూడండి. ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలు కొనడానికి ఒప్పందాలు చేసుకున్నాయి. అంకెలు చూసి కళ్లు తిరిగినవాళ్లున్నారు. అయితే ఆ విమానాలు ఒక్కసారి రావు. పదేళ్లకు పైగా వస్తూనే ఉంటాయి. ఇంకోపక్క పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) 2022లో 1165, 2023లో 1622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది. ఒకపక్క వీళ్లు ఎదురుచూస్తుంటే మరోపక్క విదేశీ కెప్టెన్లకు తాత్కాలిక అనుమతులిచ్చి మన ఎయిర్‌లైన్లు రప్పించుకున్నాయి. అనుభవం కావాల్సిన చోట కొత్తవాళ్లను కూర్చోబెట్టలేరు కదా.

2025 డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దు చేసినప్పుడు ఈ కథ అందరికీ తెలిసింది. పైలట్ల వారాంతపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచడం, రాత్రి దింపే విమానాల సంఖ్యను ఆరు నుంచి రెండుకు తగ్గించడం వంటి కొత్త నిబంధనలు అంతకుముందే దశలవారీగా అమల్లోకి వచ్చాయి. అదే పనికి ఎక్కువమంది పైలట్లు కావాల్సి వచ్చింది. చివరకు 2026 ఫిబ్రవరి 10 దాకా ఆ కంపెనీకి కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. ఈ నిబంధనలు గట్టిగా అమలైతే కొత్తవాళ్లకూ మేలే. ప్రతి కెప్టెన్ పక్కనా ఒక కో-పైలట్ కూర్చోవాలి కాబట్టి.

విచిత్రం ఏమిటంటే, అమెరికాలో 1500 గంటలు కావాల్సిన కో-పైలట్ సీటుకు మన దగ్గర 200 గంటల లైసెన్సుతోనే పోటీ పడొచ్చు. దాని మీద ఎయిర్‌బస్ 320కో, బోయింగ్ 737కో టైప్ రేటింగ్ ఉండాలి. 1500 గంటల లెక్క కెప్టెన్ లైసెన్సు దగ్గర వస్తుంది. అంటే అమెరికాలో నేర్చుకున్న తెలుగు కుర్రాడికి అమెరికా కన్నా ఇండియాలోనే ఉద్యోగం దగ్గర. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే ఇది తెలిస్తే పెట్టుబడి లెక్కే మారిపోతుంది.

పోయిన కంపెనీలు.. పెరిగిన క్యూ

అలాగని స్వదేశంలో పూలబాట పరిచి ఉందనీ కాదు. 2005 నుంచి 2007 దాకా కొత్త ఎయిర్‌లైన్లు వరసగా వచ్చాయి. అప్పు చేసి అమెరికా, ఫిలిప్పీన్స్ వెళ్లిన పిల్లలు 2008, 2009ల్లో తిరిగొచ్చేసరికి ఇంధనం ధరలు, ఆర్థిక మాంద్యం దెబ్బకు నియామకాలు ఆగిపోయాయి. లైసెన్సు పెట్టుకుని కాల్‌సెంటర్లలో చేరినవాళ్లూ ఉన్నారు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ మూతపడ్డాయి. ఒక్కో కంపెనీ మూతపడ్డప్పుడల్లా వేల గంటల అనుభవం ఉన్నవాళ్లు బజారులో పడతారు. మిగిలిన కంపెనీలు ముందు వాళ్లను తీసుకుంటాయి. క్యూలో ఉన్న కొత్తవాళ్లు ఒక ఏడాది, రెండేళ్లు వెనక్కి జరుగుతారు. ఎవరి తప్పూ లేకుండానే.

టైప్ రేటింగ్ కూడా జూదం లాంటిదే. ఉద్యోగం రాకముందే పది, పదిహేను లక్షలకు పైగా పోసి ఒక రకం విమానం నేర్చుకుంటారు. తీరా ఆ రకం నడిపే కంపెనీ చితికిపోతే ఆ రేటింగుకు గిరాకీ పడిపోతుంది. దాన్ని ఏటా నిలుపుకోవడానికి మళ్లీ సిమ్యులేటర్ ఖర్చు. ఎంపిక కాకముందే రేటింగ్ కొనుక్కోవడం కన్నా, ఎంపికయ్యాక కంపెనీ చెప్పిన రకం చేయడమే మేలు. అలా తీసుకునే చోట్లు తక్కువే గానీ లేకపోలేదు.

తిరిగొచ్చాక మరో పరీక్ష

విదేశీ లైసెన్సుతో దిగిన రోజునే ఇక్కడ విమానం ఎక్కనివ్వరు. దాన్ని భారతీయ లైసెన్సుగా మార్చుకోవాలి. నావిగేషన్, వాతావరణం కలిపి ఒక పేపరు, విమాన నిబంధనల మీద ఇంకో పేపరు డీజీసీఏకు రాయాలి. రేడియోలో మాట్లాడే లైసెన్సు (ఆర్‌టీఆర్) విడిగా ఉండాలి. ఈ పరీక్ష చాలాకాలం టెలికాం శాఖ చేతిలో ఉండి, తేదీల కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ ఆ బాధ్యతను డీజీసీఏకు మార్చింది. లైసెన్సు ఇచ్చిన దేశం నుంచి అది అసలైనదేనని ధ్రువీకరణ కూడా రావాలి.

ఈలోగా ఇంకో గడియారం తిరుగుతూ ఉంటుంది. దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో కనీసం 15 గంటలు కమాండ్‌లో ఎగిరి ఉండాలని నిబంధన. పరీక్ష పోయినా, ధ్రువీకరణ ఆలస్యమైనా ఆరు నెలలు దాటిపోతాయి. అప్పుడు మళ్లీ గంటకు వేలల్లో కట్టి ఆ గంటలు పూర్తి చేయాలి. అందుకే తెలిసినవాళ్లు డీజీసీఏ పేపర్లన్నీ ఇక్కడే పాసై, ఆ తర్వాతే శిక్షణకు విమానం ఎక్కుతారు. గంటలు తక్కువ పడితే పెన్నుతో రాసేద్దామనే బాపతు కూడా లేకపోలేదు. ఈ వృత్తిలో వాటికి ‘పార్కర్ పెన్ గంటలు’ అని ముద్దుపేరు. 2011లో దొంగ మార్కుల జాబితాల బాగోతం బయటపడి పైలట్లు అరెస్టయ్యాక తనిఖీలు పెరిగాయి.

ఇక దగ్గర్లో ఏముందంటే.. 2021లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కొత్త శిక్షణ కేంద్రాలకు ఎంపిక చేసిన ఐదు విమానాశ్రయాల్లో బెళగావి, కలబురగి ఉన్నాయి. బెంగళూరు జక్కూరులో కర్ణాటక ప్రభుత్వ శిక్షణ పాఠశాల, మహారాష్ట్రలో బారామతి, గోండియా ఉండనే ఉన్నాయి. ఇక్కడ నేర్చుకుంటే లైసెన్సు మార్పిడి బాధ తప్పుతుంది. కాకపోతే వర్షాలు, విమానాల కొరత, ఇన్‌స్ట్రక్టర్ల కొరత వల్ల ఏడాదన్నది రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువా సాగుతుంది. అమెరికాలో ఆకాశం, విమానాలు రెండూ దండిగా ఉంటాయి కాబట్టి త్వరగా అయిపోతుంది. పిల్లలు అటు పోవడానికి అసలు కారణం ఇదే. అది సబబైన కారణమే. అక్కడే ఉద్యోగం వస్తుందనుకుని పోవడమే చిక్కు.

కన్సల్టెన్సీ ఆఫీసులో కూర్చున్నప్పుడు తండ్రి అడగాల్సినవి రెండు మూడే. మావాడికి ఇప్పించేది ఎం-1 వీసానా, ఎఫ్-1 వీసానా? ఫీజు ఒకేసారి కట్టాలా, ఎగిరిన గంటలకు కట్టుకుంటూ పోవచ్చా? కిందటేడాది మీరు పంపినవాళ్లలో ఎంతమంది ఇప్పుడు ఎయిర్‌లైన్‌లో ఉన్నారు, ఏ దేశంలో? మూడో ప్రశ్నకు ఫోన్ నంబర్లతో సహా జవాబు రాకపోతే టీ తాగి లేచి రావచ్చు.

అంతకన్నా ముందు చేయాల్సింది వైద్య పరీక్ష. కమర్షియల్ లైసెన్సుకు డీజీసీఏ క్లాస్-1 మెడికల్ తప్పనిసరి. అంతకుముందు క్లాస్-2 పాస్ కావాలి. బెంగళూరులో వాయుసేన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఉంది. హోసూరు నుంచి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. రంగులు సరిగా గుర్తుపట్టలేని లోపం ఆ పరీక్షలోనే బయటపడుతుంది. అప్పటికి పోయేది వేలల్లో. విదేశం వెళ్లి లైసెన్సు, టైప్ రేటింగ్ అన్నీ కలుపుకుంటే అరకోటి నుంచి కోటి దాకా తేలుతోంది. బ్యాంకులు ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి మామూలుగా ఆస్తి హామీ అడుగుతాయి. కోర్సు అయ్యాక ఏడాదికి కిస్తీలు మొదలవుతాయి. కో-పైలట్ ఉద్యోగం అప్పటికి వచ్చినా, రాకపోయినా.